వంజంగి కొండమీద టెంటులో చలి: స్లీపింగ్ బ్యాగు ఉన్నా వణుకు తప్పలేదు, ఏం చేయాలి?

విశాఖ_వాన
డిసెంబరు మూడో వారంలో మా తమ్ముడు, ఇద్దరు స్నేహితులతో కలిసి పాడేరు దగ్గరి వంజంగి కొండకు వెళ్లాను. తెల్లవారేసరికి మేఘాలు కాళ్ల కింద ఉండాలని కొండమీదే టెంటు అద్దెకు తీసుకున్నాం. అద్దెకిచ్చినాయన స్లీపింగ్ బ్యాగు చూపించి "సున్నా నుంచి అయిదు డిగ్రీల దాకా ఆపుతుంది సార్" అన్నాడు. దాని మీద అలాగే రాసి ఉంది కూడా. ఆ రాత్రి ఫోనులో 8 డిగ్రీలు చూపించింది. లెక్క ప్రకారం హాయిగా నిద్రపట్టాలి. ఒంటిగంట దాటాక మాలో ఒక్కరికీ కన్ను మూతపడలేదు.

విచిత్రం ఏమిటంటే ఛాతీ, పొట్ట వెచ్చగానే ఉన్నాయి. వీపు, తుంటి మాత్రం జివ్వున లాగేశాయి. గాలికి టెంటు గుడ్డ చెవి పక్కనే టపటపా కొట్టుకుంటోంది. నాలుగింటికి పైనుంచి ముఖం మీద నీటి చుక్కలు. బయటకు వచ్చి చూస్తే ఆకాశం నిండా నక్షత్రాలు, వాన జాడే లేదు.

సంక్రాంతి దాటాక తమ్ముడూ నేనూ మా అమ్మను (61 ఏళ్లు), అక్క కొడుకును (ఏడేళ్లు) వెంటబెట్టుకుని లంబసింగి వైపు వెళ్లాలని ఉంది. టెంటులో పడుకోవాలన్నది అమ్మ సరదా. ఇంకా మందమైన బ్యాగు కొనాలా? "లాడ్జిలో పడుకోండి" అనే సలహా తప్ప ఏదైనా చెప్పండి.

నిద్రమత్తు
లాడ్జిలో పడుకోండి.

మంకీక్యాప్_మూర్తి
వద్దన్న జవాబే మొదట వచ్చింది. ఈ వేదిక మారదు.

కొండదారి
వాన గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఛాతీ వెచ్చగా ఉండి వీపు చల్లబడిందంటే లోపం బ్యాగులో లేదు, కింద ఉంది. బ్యాగు లోపలి దూది పొంగి ఉన్నంతసేపే వెచ్చదనం. అది పట్టి ఉంచిన గాలే మనల్ని కాపాడేది. మీరు పడుకోగానే వీపు కింది భాగం మీ బరువుకి అణిగి అట్టముక్క అవుతుంది. అక్కడినుంచి ఒంట్లోని వేడి తిన్నగా నేలలోకి దిగిపోతుంది. ఆరువేల రూపాయల బ్యాగు కొన్నా ఇదే కథ.

బ్యాగు మీద రాసిన అంకె సంగతి. మంచి కంపెనీల బ్యాగులను ఒక ప్రమాణం ప్రకారం (పాతది ఈఎన్ 13537, ఇప్పుడు ఐఎస్‌ఓ 23537) పరీక్షిస్తారు. లోపల వేడి పుట్టించే బొమ్మకు లోదుస్తులు తొడిగి, బ్యాగులో పెట్టి, మ్యాట్ మీద పడుకోబెట్టి కొలుస్తారు. మ్యాట్ మీద అన్నది గమనించండి. వచ్చే అంకెలు మూడు: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. మామూలు మనిషి చూడవలసింది కంఫర్ట్ ఒక్కటే. ఎక్స్‌ట్రీమ్ అంటే వణుకుతూ ప్రాణంతో బయటపడే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. అద్దె బ్యాగుల మీద సూటిగా "0–5" అని అచ్చేస్తారు. అది ఈ మూడింటిలో ఏదో ఎవరూ చెప్పరు, అసలు పరీక్ష జరిగిందో లేదో కూడా చెప్పరు.

కాబట్టి ముందు మ్యాట్ కొనండి. మ్యాట్లకు ఆర్-వాల్యూ అని ఒక అంకె ఉంటుంది, ఎంత ఎక్కువైతే అంత వెచ్చన. మామూలు మడత ఫోమ్ మ్యాటుకు 2 దగ్గర ఉంటుంది. ఇందులో మంచి సంగతి, ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కూడుతాయి. లంబసింగి జనవరికి రెండు ఫోమ్ మ్యాట్లు వేసుకుంటే దర్జాగా సరిపోతుంది.

నిద్రమత్తు
ఇంట్లో గాలి పరుపు ఉంది. పంపుతో ఊదేది. అది ఎత్తుగా ఉంటుంది కదా, నేల తగలదు.

కొండదారి
దానికంటే ఒట్టి నేల నయం అనిపిస్తుంది. లోపలంతా ఖాళీ గాలి, మీరు కదిలినప్పుడల్లా ఆ గాలి తిరిగి కింది చల్లదనాన్ని పైకి మోసుకొస్తుంది. ఎత్తు వేరు, వెచ్చదనం వేరు. తీసుకెళ్లక తప్పదంటే దాని మీద ఫోమ్ మ్యాట్ వేయండి.

చింతపల్లి_వాసి
మ్యాట్లు, అంకెలు సరే. మా వైపు వచ్చేవాళ్లకు నేను చెప్పేది వరిగడ్డి. జనవరికి కోతలు అయిపోయి ఉంటాయి, కళ్లాల దగ్గర గడ్డి వాములు ఉంటాయి. రైతును అడిగి, డబ్బిచ్చి, రెండు మోపులు తీసుకోండి. జానెడు మందం పరచండి. మనిషి పడుకుంటే సగానికి అణుగుతుంది, అందుకే మొదటే ఎక్కువ వేయాలి. దాని మీద టార్పాలిన్, ఆ మీద టెంటు. గడ్డి పొడిగా ఉండాలి. వాము పైపొర మంచుకు తడిసి ఉంటుంది, లోపలినుంచి లాగించుకోండి. పొద్దున్నే ఎత్తి పశువులకు వేసేయమని అప్పజెప్పండి, అక్కడే వదిలేసి పోవద్దు.

ఇంకొక మాట. ఫోనులో చూపించిన 8 డిగ్రీలు పాడేరువి అయి ఉంటాయి. కొండమీది లెక్క వేరు.

ఫిజిక్స్_మాస్టారు
వాసి గారి మాటకు వంత పాడతాను. ఎత్తు పెరిగే కొద్దీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊరికంటే 300 మీటర్లు పైన పడుకుంటే అక్కడికే రెండు డిగ్రీలు పోయాయి. పైగా వాతావరణ కేంద్రాల థర్మామీటరు మనిషి ఛాతీ ఎత్తులో, గాలాడే పెట్టెలో ఉంటుంది. మీరు పడుకునేది నేలమీద. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది కాబట్టి గడ్డి మట్టంలో ఇంకొన్ని డిగ్రీలు తక్కువే ఉంటుంది. పేపర్లో 4 డిగ్రీలు అని వచ్చిన పొద్దున కార్ల అద్దాల మీద, గడ్డి మీద తెల్లని మంచు పేరుకునేది ఇందుకే.

గాలి సంగతి. 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే బయట ఉన్న చర్మానికి అది దాదాపు సున్నా డిగ్రీలంత కోతగా తగులుతుంది. మన ఒంటి చుట్టూ మనమే వేడిచేసుకున్న పలుచని గాలి పొర ఉంటుంది, దాన్ని గాలి ఊడ్చుకుపోతుంది.

చలి_పిడుగు
అంటే 5 డిగ్రీల్లో గాలి గట్టిగా వీస్తే సీసాలో నీళ్లు గడ్డకడతాయా మాస్టారూ?

ఫిజిక్స్_మాస్టారు
కట్టవు. 5 డిగ్రీల గాలి ఎంత వేగంగా వీచినా సీసాను 5 డిగ్రీల దాకానే చల్లబరుస్తుంది, కాకపోతే త్వరగా. "సున్నాలా అనిపించడం" వేడి పుట్టించే ఒంటికే వర్తిస్తుంది, సీసాకు కాదు.

గొంగడి_మల్లన్న
ఇంత చర్చ జరుగుతున్నా గొంగడి మాట ఒక్కరూ ఎత్తలేదు. మా పాలమూరులో గొర్రెల కాపరులు పొలాల్లో మందను ఆపుకుని ఆరుబయటే పడుకుంటారు. టెంటు లేదు, మ్యాట్ లేదు, అంకెలు అసలే లేవు. ఒక్క గొంగడి. సగం కింద, సగం పైన. నల్ల గొర్రె ఉన్ని, నేసేటప్పుడు చింతగింజల గంజి పట్టిస్తారు, చినుకు పడితే జారిపోతుంది. తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. నిప్పురవ్వ పడితే నైలాను టెంటు కరిగి చిల్లు పడుతుంది, ఉన్ని కమురుతుంది తప్ప భగ్గుమనదు.

కొండదారి
గొంగడిని తక్కువ చేయను మల్లన్నా. కానీ దాన్ని వీపున మోసుకుని వంజంగి ఎక్కి చూడండి. తడిస్తే బరువు ఇంకా పెరుగుతుంది. ఆరడానికి రెండు రోజులు. పైగా కాపరులు పడుకునేది పాలమూరు మైదానంలో, ఇది కొండ గాలి.

గొంగడి_మల్లన్న
కారులో వచ్చి అరగంట నడిచేవాళ్లకు బరువు సాకా? ఆయన లంబసింగి అన్నాడు, ఎవరెస్టు అనలేదు.

మంకీక్యాప్_మూర్తి
గొంగడి కొత్తది కప్పుకుంటే ఒళ్లంతా గుచ్చుతుంది. ఆ గోకుడుకే వేడి పుట్టి చలి పోతుంది. ఇది శాస్త్రం.

అరకు_కాఫీ
మల్లన్న చెప్పింది, కొండదారి చెప్పింది కలపవచ్చు కదా. కింద ఫోమ్ మ్యాట్, దాని మీద గొంగడి, పైన బ్యాగు. మేము వలిసె పూల సీజన్లో ఇలాగే పడుకుంటాం. బ్యాగు మీద బరువైనది ఏదీ కప్పకండి, దూది అణిగి ఉన్న వెచ్చదనం కూడా పోతుంది. బరువైన గొంగడి ఎప్పుడూ కిందికే.

విశాఖ_వాన
గొంగడి మా అమ్మమ్మ ఇంట్లో ఉంది, అడుగుతాను. మరి ముఖం మీద పడ్డ నీళ్లు ఎక్కడివి? టెంటు కారిందా?

అరకు_కాఫీ
కారలేదు. అది మీ నలుగురి ఊపిరే. రాత్రంతా వదిలిన ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది, గాలికి గుడ్డ ఊగినప్పుడు చుక్కలు రాలుతాయి. చలి అని జిప్పులన్నీ బిగించి ఉంటారు. పైన చిన్న కిటికీ ఉంటుంది, దాన్ని తెరిచే ఉంచాలి. గాలి రాని వైపు జిప్పు కూడా నాలుగు వేళ్లంత తెరవండి. వినడానికి తిక్కగా ఉంటుంది కానీ తడిసిన బ్యాగు కంటే కొంచెం చల్లగాలి చాలా మేలు.

అలాగే ముక్కు, నోరు బ్యాగు లోపల పెట్టి పడుకోకండి. మొదటి పది నిమిషాలు హాయిగా ఉంటుంది, తర్వాత లోపల దూదంతా చెమ్మ పడుతుంది. ముఖం బయట పెట్టి, మెడ దగ్గర తాడు బిగించి, తలకు టోపీ.

మంకీక్యాప్_మూర్తి
చివరికి నా సబ్జెక్టు వచ్చింది. ఒంట్లో వేడి సగం తలలోంచే పోతుంది. మంకీ క్యాప్ పెట్టుకుంటే సగం సమస్య తీరినట్టే. నవ్వే పిల్లలు నవ్వనీ.

డాక్టరమ్మ_కర్నూలు
మూర్తి గారూ, టోపీ మంచిదే, లెక్క మాత్రం తప్పు. సగం అన్నది పాత అపోహ. తల ఒంటి ఉపరితలంలో పదో వంతు, దాదాపు అంతే వేడి పోతుంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ డిసెంబరు సంచికలో ఇలాంటి నమ్మకాలను పరిశీలించినప్పుడు దీన్నీ కొట్టేశారు. మిగతా ఒళ్లంతా కప్పుకుని తల ఒక్కటే బయట పెడతాం కాబట్టి అక్కడే పోతున్నట్టు అనిపిస్తుంది.

మంకీక్యాప్_మూర్తి
పదో వంతుకైనా నా ఓటు మంకీ క్యాప్‌కే.

చలి_పిడుగు
బట్టలు తక్కువ వేసుకుని బ్యాగులో దూరితేనే వెచ్చగా ఉంటుందని మా ట్రెక్ లీడరు చెప్పాడు. ఒంటి వేడితో బ్యాగు వేడెక్కుతుందట. నిజమా?

కొండదారి
కాదు. పొడి బట్ట ఎంత ఉంటే అంత వెచ్చన, బ్యాగులో బిగుసుకుపోనంతవరకు. ఆ మాట ఎలా పుట్టిందంటే, రోజంతా నడిచి చెమట పట్టిన బట్టలతో బ్యాగులో దూరితే అవి తడి వదిలి చల్లబరుస్తాయి. అవి విప్పితే వెచ్చగా ఉంటుంది, నిజమే. విప్పి పొడివి వేసుకుంటే ఇంకా వెచ్చగా ఉంటుంది.

కొండ ఎక్కేటప్పుడు వేసుకున్న నూలు బనియను పడుకునే ముందు తప్పక మార్చాలి. నూలు చెమటను పీల్చి పట్టుకుంటుంది, ఆరదు. జీన్స్ సంగతి చెప్పనవసరం లేదు. పడుకోవడానికే ఒక జత, ఉన్ని మేజోళ్లతో సహా, ప్లాస్టిక్ కవరులో విడిగా పెట్టుకోండి, నడకలో వాటిని ముట్టుకోవద్దు. రెండు జతల మేజోళ్లు బిగించి తొడిగితే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒకటే, వదులుగా.

మాజీ_జవాను
కొండదారి చెప్పింది మాకు సైన్యంలో మొదటిరోజు చెప్పేదే. మాది శ్రీకాకుళం, నా ఉద్యోగంలో కొంత కాలం లద్దాఖ్‌లో గడిచింది. అక్కడ మేజోళ్లు ఆరబెట్టుకోవడం ఒక డ్యూటీ. తడిసినవి పొట్ట మీద, చొక్కా లోపల పెట్టుకుని ఆరబెట్టేవాళ్లం.

బంకరులో బుఖారీ ఉండేది, కిరోసిన్ పొయ్యి. దానికి పొగగొట్టం పైకప్పు దాటి బయటకు ఉండాలి, ఆ గొట్టం రోజూ తనిఖీ చేయాలి. ఇక్కడ టెంట్లలో కుంపటి పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నిద్రమత్తు
బొగ్గుల కుంపటి పొగ రాదు కదా. బాగా రాజిన నిప్పులు లోపల పెట్టుకుంటే తప్పేమిటి? మా ఊళ్లో అందరూ పెట్టుకునేవాళ్లు.

డాక్టరమ్మ_కర్నూలు
దయచేసి ఇది ఎవరూ సరదాగా తీసుకోకండి. పొగ రాకపోవడమే ప్రమాదం. రాజిన బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కొంచెం తలనొప్పి, వికారం, మత్తు. మత్తును నిద్ర అనుకుంటారు. ఆ నిద్రలోంచి లేవరు. ఉత్తర భారతంలో ప్రతి చలికాలం మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని కుటుంబాలకు కుటుంబాలు పోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. మీ ఊరి ఇళ్లకు పెంకుల సందులు ఉండేవి, నైలాను టెంటుకు ఉండవు. గ్యాస్ స్టవ్వు కూడా లోపల వద్దు. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు కూడా వద్దు.

నిద్రమత్తు
సరే, వెనక్కి తీసుకున్నాను. లాడ్జి మాట మాత్రం వెనక్కి తీసుకోను.

చలి_పిడుగు
మరి రెండు పెగ్గులు? పుచ్చుకుంటే ఒళ్లు వేడెక్కడం నాకు స్వయంగా తెలుసు.

డాక్టరమ్మ_కర్నూలు
వేడెక్కేది చర్మం. మద్యానికి చర్మం కింది రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, లోపలి వేడి పైకి వచ్చి గాలిలో పోతుంది. పైకి వెచ్చగా అనిపిస్తూ లోపల చల్లబడతారు. వణుకు కూడా తగ్గుతుంది, ఆ వణుకే కదా ఒళ్లు వేడి పుట్టించుకునే దారి. ఆ రాత్రికి అల్లం టీ తాగండి.

మాజీ_జవాను
చలికి రమ్ము అని మా పేరు చెప్పుకుని తాగేవాళ్లు చాలామంది. గస్తీకి వెళ్లేముందు ఎవరికీ పోయరు తమ్ముడూ.

అరకు_కాఫీ
తాగడం కాదు, తినడం చూడండి. పడుకునే ముందు కడుపు నిండా, కొంచెం నెయ్యి, జీడిపప్పు, బెల్లం ఉన్నది తినాలి. కొవ్వు నెమ్మదిగా అరుగుతూ తెల్లవారేదాకా వేడి ఇస్తుంది. విశాఖ నుంచి పాడేరు వచ్చేవాళ్లకు దారిలోనే మాడుగుల తగులుతుంది. హల్వా ఒక అరకేజీ కట్టించుకోండి. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పు, ఇంకేం కావాలి.

మంకీక్యాప్_మూర్తి
అరకేజీ హల్వా వంజంగి దాకా చేరిందని ఎవరైనా నిరూపిస్తే నా మంకీ క్యాప్ రాసిస్తాను. మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు మొదటి మలుపులోనే అయిపోతుంది.

ఫీనిక్స్_పద్మ
అరిజోనా అంటే ఎండలే అనుకుని గ్రాండ్ కాన్యన్‌కు డిసెంబరులో పలుచని బట్టలతో వచ్చే మనవాళ్లను చూస్తూ ఉంటాను. సౌత్ రిమ్ దాదాపు 2100 మీటర్ల ఎత్తు, రాత్రి నీళ్లు గడ్డకడతాయి. అక్కడ మేము చేసేది వేడినీళ్ల సీసా. పడుకునే అరగంట ముందు నీళ్లు కాచి, మూత గట్టిగా బిగించి, ఉన్ని మేజోడులో దూర్చి బ్యాగులో పాదాల దగ్గర పెడతాం. తర్వాత తొడల మధ్యకు లాక్కుంటే పెద్ద రక్తనాళాలు అక్కడే ఉన్నాయి కాబట్టి ఒళ్లంతా వేడి పాకుతుంది. తెల్లవారి ఆ నీళ్లతోనే కాఫీ, గడ్డకట్టవు.

స్టవ్వు గురించి కూడా ఒక మాట. ఒట్టి బ్యూటేన్ డబ్బాలు సున్నా దగ్గర పనిచేయవు, బ్యూటేన్ మరిగేదే మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. 5 డిగ్రీల్లో కూడా మంట సన్నబడుతుంది, గ్యాస్ వాడే కొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది కదా. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన డబ్బా అడిగి తీసుకోండి. రాత్రి డబ్బాను, ఫోనును బ్యాగులోనే పెట్టుకోండి.

చలి_పిడుగు
నా దగ్గర మంచి థర్మోఫ్లాస్కు ఉంది, పన్నెండు గంటలు వేడి పోదు. దాన్నే బ్యాగులో పెట్టుకుంటే?

ఫిజిక్స్_మాస్టారు
వేడి పోదు. అంటే మీకూ రాదు. పొద్దున దానిలో పొగలు కక్కే నీళ్లు ఉంటాయి, మీరు వణుకుతూ ఉంటారు. ఒంటిపొర స్టీలు సీసా కావాలి.

డాక్టరమ్మ_కర్నూలు
మందుల షాపుల్లో దొరికే రబ్బరు వేడినీళ్ల సంచి ఇంకా మంచిది. మూడింట రెండు వంతులే నింపి, గాలి నొక్కేసి మూత పెట్టాలి. మరిగే నీళ్లు పోయవద్దు. గుడ్డ చుట్టకుండా చర్మానికి ఆనించవద్దు. మధుమేహం ఉండి పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలియదు. వాన గారూ, మీ అమ్మగారికి షుగరు ఉందా?

విశాఖ_వాన
షుగరు లేదండీ. థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు. మామూలుగానే చలి ఎక్కువ అంటారు.

డాక్టరమ్మ_కర్నూలు
థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లకు చలి ఎక్కువే అనిపిస్తుంది. మాత్ర క్రమంగా వేసుకుంటూ, పరీక్షలో అంకెలు అదుపులో ఉంటే ఒక రాత్రికి ఇబ్బంది ఉండదు. వెళ్లేముందు వాళ్ల డాక్టరును ఒకసారి అడగండి. అమ్మగారిని, బాబును మధ్యలో పడుకోబెట్టండి, అంచులకు మీరు, మీ తమ్ముడు.

మీరు తెలుసుకోవలసింది గుర్తులు. వణికితే భయం లేదు, ఒళ్లు పోరాడుతోందని అర్థం. మాట ముద్దగా రావడం, నడక తడబడడం, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోవడం, ఒళ్లు చల్లగా ఉన్నా వణుకు ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా కారులోకి తీసుకెళ్లి హీటరు వేయండి. తడి బట్టలు మార్చి, మెలకువగా ఉంటే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి, వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దవద్దు. పిల్లలు చలి అని చెప్పరు, ఊరికే మూలుగుతూ ముడుచుకుపోతారు. రాత్రి రెండుసార్లు బాబు మెడ వెనక చేయి పెట్టి చూడండి.

నిద్రమత్తు
రాత్రి మూత్రం ఆపుకుంటే దాన్ని వేడిగా ఉంచడానికి ఒంట్లో శక్తి ఖర్చవుతుందట. అందుకని లేచి వెళ్లాలట. నిజమా, లేక చలిలో బయటకు తరమడానికి ఎవరో పుట్టించారా?

ఫిజిక్స్_మాస్టారు
అది ఎలాగూ ఒంటి వేడితోనే ఉంది, కొత్తగా కాచేది ఏమీ లేదు. ఆ లెక్క తప్పు.

మాజీ_జవాను
లెక్క తప్పే కావచ్చు మాస్టారూ, కానీ ఆపుకున్నవాడికి నిద్రపట్టదు. నిద్రపట్టనివాడికి చలి రెట్టింపు. లేచి వెళ్లి రండి, రెండు నిమిషాల పని.

చింతపల్లి_వాసి
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పలేదు. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, చుట్టూ కొండలు. రాత్రి చల్లగాలి బరువెక్కి వాలులో జారి లోయ అడుగున నిలుస్తుంది. మీరు తాజంగి చెరువు ఒడ్డున, అందంగా ఉందని, టెంటు వేస్తే ఆ చలినంతా ఒంటిమీద వేసుకున్నట్టే. నీటి పక్కన తేమ కూడా ఎక్కువ. అలాగని చెరువులవేనం శిఖరం మీద వేస్తే గాలి కోత. మధ్యలో, వాలు మీద, గాలికి అడ్డంగా తుప్పలో బండో ఉన్న చదునైన చోటు చూడండి. చెట్టు కింద మంచిది, ఆకులు నేల వేడిని కొంచెం ఆపుతాయి. ఎండుకొమ్మలు వేలాడే చెట్టు మాత్రం వద్దు. పొద్దున్నే ఎండ తగిలే తూర్పు వాలు అయితే అమ్మగారికి ఏడింటికే ఎండ కాచుకునే యోగం.

ఎవరి పొలంలోనూ, స్ట్రాబెర్రీ మడుల దగ్గరా అడగకుండా వేయవద్దు. నిరుడు ఎవరో మడి గట్టు మీదే గుంజలు దిగేశారు.

మాజీ_జవాను
టెంటు సన్నని కొస గాలి వచ్చే వైపు పెట్టాలి, వెడల్పు పక్క కాదు. తలుపు గాలికి వీపు చూపాలి. మేకు తల టెంటుకు దూరంగా వాలేలా వంచి దిగేయాలి, నిటారుగా కొడితే తెల్లారేసరికి ఊడి వస్తుంది. అద్దె టెంట్ల పక్క తాళ్లు సంచిలోనే మడతపెట్టి ఉంటాయి, ఎవరూ కట్టరు. అవన్నీ లాగి కట్టండి. గుడ్డ బిగుతుగా ఉంటే టపటప ఉండదు, చుక్కలు కూడా తక్కువ రాలతాయి. బండ నేల మీద మేకు దిగకపోతే తాడును పుల్లకు కట్టి, పుల్ల మీద పెద్ద రాయి పెట్టండి.

కొండదారి
దీనికి ఒకటి కలుపుతాను. అద్దెకిచ్చే టెంట్లలో చాలావాటికి పై సగం దోమతెర, దాని మీద గొడుగంత చిన్న పైగుడ్డ. అవి ఎండాకాలం టెంట్లు. గాలి ఒక వైపు దూరి మరో వైపు పోతుంది, ఏ బ్యాగూ ఆ చలిని ఆపదు. పైగుడ్డ నేల దాకా దిగేది ఇవ్వమని అడగండి. లేదన్నారంటే వేరే చోటు చూసుకోండి. నలుగురికి నలుగురు పట్టే టెంటు చాలు, పెద్దది తీసుకుంటే అంత ఖాళీనీ మీ ఒంటి వేడే నింపాలి.

గొంగడి_మల్లన్న
చలిమంట సంగతి ఎవరూ మాట్లాడలేదు.

చింతపల్లి_వాసి
వేసుకోండి, టెంటుకు బాగా దూరంగా, రవ్వలు టెంటు మీదికి రాకుండా గాలి పోయే వైపు. కట్టెలు ఊళ్లో కొనుక్కోండి, అడవిలో పచ్చి కొమ్మ నరకవద్దు. పడుకునేముందు నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, చేయి పెట్టి చూసి ఆర్పండి. గాలి రాత్రుల్లో ఒక్క నిప్పు రవ్వ చాలు, కొండంతా ఎండుగడ్డే.

విశాఖ_వాన
అందరి మాటలూ రాసుకున్నాను. నాలుగు బ్యాగుల డబ్బుతో ఎనిమిది ఫోమ్ మ్యాట్లు వస్తున్నాయి, ఇప్పుడే ఆర్డరు పెట్టాను. రబ్బరు సంచులు రెండు. అమ్మమ్మ గొంగడి ఇస్తానంది కానీ ఒక షరతు, ఉతకకూడదట. వాసి గారూ, వరిగడ్డి తెచ్చుకోవడానికి చింతపల్లి దాకా రావాలా, దారిలో దొరుకుతుందా?

చింతపల్లి_వాసి
నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కేముందు పల్లెల్లో దొరుకుతుంది. కారు పైన వేసుకుంటే గట్టిగా కట్టండి, మలుపుల్లో సగం రోడ్డుపాలు అవుతుంది. లేదా లంబసింగి వచ్చాక అడగండి, ఎవరో ఒకరు ఇస్తారు. చీకటి పడకముందే రండి, చీకట్లో పొడిగడ్డి, తడిగడ్డి తేడా తెలియదు.

గొంగడి_మల్లన్న
అమ్మమ్మ చెప్పింది నిజం. ఉతికితే ఉన్ని ముడుచుకుంటుంది, గంజి పోతుంది. ఎండలో వేసి కర్రతో దులపండి, చాలు. మంచి మనిషి.

చలి_పిడుగు
మా కుక్కను కూడా టెంటులో పడుకోబెట్టుకోవచ్చా? లాబ్రడార్. వేడి బాగా ఇస్తుంది.

మంకీక్యాప్_మూర్తి
దానికి మ్యాట్ విడిగా వేయండి. లేకపోతే మీ మ్యాట్ మీద అది, నేలమీద మీరు.